మదనపల్లె మ్యాప్‌లో లెవెల్ 3 జాకెట్ ఎందుకు ఉండకూడదు?

ఈ ఎపిసోడ్‌లో రాజులు, కోటలు, యుద్ధాలు అన్నీ ఉంటాయి గానీ, మొదలు పెట్టేది మాత్రం మీ ఫోన్‌లో ఉండే గేమ్ దగ్గర.

ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో క్రాఫ్ట్‌ల్యాండ్ అని ఒకటి ఉంది కదా. మన మ్యాప్ మనమే కట్టుకోవచ్చు. గుట్ట ఎక్కడ పెట్టాలి, గోడ ఎంత ఎత్తు, ఏ వస్తువు ఎక్కడ దొరకాలి, అంతా మన ఇష్టం. సరే, మనం మదనపల్లె, పుంగనూరు, కుప్పం కలిపి ఒక మ్యాప్ కడదాం అనుకోండి. కాలం 1791. ఆటగాడికి ఏం తొడగాలి? చేతికి ఏం ఇవ్వాలి? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని పోతే మన సీమ చరిత్ర సగం బయటపడుతుంది. సినిమాల్లో చూపించే ఇనుప కవచాల కథ ఎంత తేడాగా ఉందో కూడా తెలుస్తుంది.

ముందు గేమ్ వైపు నుంచి చూద్దాం. పబ్జీలో జాకెట్ మూడు లెవెళ్లు. లెవెల్ 1 వేసుకుంటే దెబ్బ 30 శాతం తగ్గుతుంది, లెవెల్ 2కి 40, లెవెల్ 3కి 55. అంతకు ముందు తరానిది వార్‌క్రాఫ్ట్ 3, 2002లో వచ్చింది. దాంతో పాటు మ్యాప్ ఎడిటర్ కూడా ఇచ్చారు. ఆ ఎడిటర్‌తో అభిమానులు కట్టుకున్న మ్యాపుల్లోంచే 2003లో డోటా పుట్టింది. కంపెనీ చేసింది కాదు, ఆడేవాళ్లు చేసింది. అందులో కవచం ఒక అంకె. ఒక్కో పాయింటుకీ 0.06 చొప్పున లెక్క కట్టే సూత్రం ఉంది. 10 పాయింట్ల కవచం ఉంటే దెబ్బ 37.5 శాతం తగ్గుతుంది. 20 ఉంటే రెట్టింపు తగ్గాలి కదా? తగ్గదు, 54.5 దగ్గర ఆగుతుంది. తెలివైన లెక్కే. పెరిగే కొద్దీ లాభం తగ్గిపోతూ ఉంటుంది.

అయితే ఈ రెండు ఆటల్లోనూ ఒక నమ్మకం దాగి ఉంది. కవచం అంటే నిచ్చెన. పైమెట్టు ఎప్పుడూ మంచిదే. దొరికిందా, వేసుకో, కిందది పారెయ్. బరువు లేదు, ఎండ లేదు, అది ఎవరి సొత్తు అన్న గొడవ అసలే లేదు. 1791లో మన ప్రాంతంలో ఈ నిచ్చెన పనిచేయదు. ఎందుకో చెప్తాను.

అసలు 1791 ఎందుకు ఎంచుకున్నానంటే, ఆ ఏడాది మన మ్యాప్ మీద ఖాళీ జాగా లేదు. ఫిబ్రవరిలో కార్న్‌వాలిస్ వెల్లూరు వైపు నుంచి దండుతో వచ్చాడు. ఆంబూరు దారిలో వస్తాడని టిప్పు అనుకుంటే, ఆయన పలమనేరు పక్కన మొగిలి కనుమ ఎక్కి కోలారు మీదుగా బెంగళూరు చేరాడు. మార్చి 21న బెంగళూరు కోట పడింది. అదే ఏడాది ఇటు మదనపల్లెకి ఉత్తరాన గుర్రంకొండను నిజాం సైన్యం, కంపెనీ ఫిరంగులు కలిసి ముట్టడించాయి. కింది కోట పడింది. పై కొండ మాత్రం లొంగలేదు. మూడు వైపులా నిట్టనిలువు రాయి, ఎక్కడం తేలికా? ఏడాది చివర్లో టిప్పు పెద్ద కొడుకు ఫతే హైదర్ గుర్రపు దండుతో వచ్చి కింది కోటను తిరిగి పట్టుకున్నాడు. చివరికి 1792 మార్చిలో శ్రీరంగపట్నం సంధి జరిగాక గుర్రంకొండ నిజాం వాటాకు పోయింది. ఈ పెద్దవాళ్ల మధ్యలో పుంగనూరు, కంగుంది పాలెగాళ్లు. కంగుంది అంటే మన కుప్పం పక్కన కొండే. అప్పట్లో కుప్పం ఆ పాళెం కిందే ఉండేది.

ఇంకో సంగతి, హైదరలీ పుట్టిన బూదికోట కూడా ఈ మ్యాప్ అంచునే, కోలారు వైపు ఉంది. ఆయన చనిపోయింది 1782 డిసెంబర్ 7న, చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో. అంటే మైసూరు చరిత్ర అని మనం పక్కన పెట్టేసేది మన పెరట్లో జరిగిందే.

మ్యాప్ కట్టేటప్పుడు పేర్లు జాగ్రత్త. 1791 మ్యాప్‌లో హార్స్‌లీ హిల్స్ అని రాశారంటే తప్పు. ఆ దొర కడప కలెక్టరుగా వచ్చింది 1870 ప్రాంతంలో. అంతకు ముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. అలాగే పొదలు పెట్టాలంటే సర్కారు తుమ్మ పెట్టకండి, అది 19వ శతాబ్దం చివర్లో మన వైపు వచ్చిన మొక్క. ఇక హెల్త్ ప్యాక్ బదులు టమోటా పెడదాం అనుకునే మదనపల్లె తమ్ముళ్లకు ఒక చేదు వార్త. అప్పుడు టమోటా మండీ లేదు, టమోటా పంటా లేదు. రాగి సంగటి ముద్ద పెట్టుకోండి. అది ఎవరూ కాదనలేరు.

ఇప్పుడు అసలు విషయానికి, ఒంటి మీదకి వద్దాం.

తెలుగులో కవచానికి పాత మాట మైమరువు. మై అంటే ఒళ్లు. జోడు అన్న మాట కూడా ఉంది, వజ్రంగి జోడు అని కథల్లో వినే ఉంటారు. మాటలున్నాయంటే వస్తువులూ ఉన్నట్టే. కానీ ఎవరి ఒంటి మీద? మదనపల్లె, పుంగనూరు, పలమనేరు చుట్టుపక్కల పొలాల్లో, గుళ్ల దగ్గర వీరగల్లులు చూశారా? బాణులు, నొలంబులు, వైదుంబులు ఈ నేల కోసం కొట్టుకున్న 9, 10 శతాబ్దాల నాటివి చాలా ఉన్నాయి. ఊరి ఆవుల మంద కోసం, ఊరి కోసం చచ్చిపోయిన మనిషికి ఒక రాయి చెక్కి నిలబెట్టారు. ఆ బొమ్మలో ఏముంటుంది? చేతిలో విల్లో, కత్తో. నడుముకి బాకు. ముడి వేసిన జుట్టు. చాలావాటిలో ఒంటి మీద కవచం ఉండదు. ఉత్త ఛాతీ. కొన్నింటిలో ఒంటికి గుచ్చుకున్న బాణాలు కూడా చెక్కి ఉంటాయి. శిల్పి వీరుణ్ణి గొప్పగా చూపించాలనే చెక్కాడు కదా? అయినా కవచం తొడగలేదు. అంటే గొప్పతనానికి గుర్తు కవచం కాదన్నమాట.

ఇంకో ఆరు వందల ఏళ్లు ముందుకు రండి. 1520 ప్రాంతంలో డొమింగో పేస్ అనే పోర్చుగీసాయన విజయనగరంలో మహర్నవమి పండగ, ఆ తర్వాత దండు కవాతు చూసి రాశాడు. అందులో రౌతుల కవచం గురించి వివరంగా ఉంది. మెత్త పెట్టి కుట్టిన అంగీలు, వాటిలో పొరలు పొరలుగా గట్టి పచ్చి తోలు, అక్కడక్కడా ఇనుప రేకులు, పైన పట్టు, మఖమలు. తలకు మెడ దాకా దిగే టోపీ, ముఖానికి అడ్డు. ఆయన చూసింది రాజు ముందు నడిచే కవాతు కాబట్టి, ఉన్నవాటిలో మంచివే తొడుక్కుని వచ్చి ఉంటారు. అయినా చూడండి, ఆధారం గుడ్డ, తోలు. ఇనుము వాటికి తోడు. యూరప్ కోటల్లో కనిపించే మనిషి ఆకారపు ఇనుప డబ్బా కాదు అది.

గుడ్డ కవచం అంటే నవ్వకండి. మన అవ్వలు పాత చీరలు పొరలు పొరలుగా పరిచి బొంత కుడతారు కదా? అలాంటిదే, ఇంకా దట్టంగా, మధ్యలో దూది కూరి, దగ్గర దగ్గరగా కుట్టు వేసి చేస్తారు. కత్తి దాని మీద జారుతుంది, కోత లోపలికి పోవడం కష్టం. దూరం నుంచి వచ్చిన బాణం పొరల్లో చిక్కుకుంటుంది. దెబ్బ అదురును కూడా మెత్త పీల్చుకుంటుంది, ఇనుప రేకు ఒక్కటే అయితే అదురు నేరుగా ఎముకకు పోతుంది. ఈ తెలివి మన ఒక్కరిదే కాదు. మెక్సికోలో ఆజ్‌టెక్ యోధులు దూది కవచం తొడిగేవారు. అక్కడికి ఇనుప కవచాలతో వెళ్లిన స్పెయిన్ సైనికులు ఆ ఎండకి తాళలేక చాలామంది ఆ దూది కవచానికే మారిపోయారు. మైసూరు దండులో కూడా ఇదే పద్ధతి. టిప్పు కాలం నాటి దూది కవచాలు, మెత్త కుట్టిన శిరస్త్రాణాలు బ్రిటన్ మ్యూజియంలలో ఇప్పటికీ ఉన్నాయి.

మ్యాప్‌లో దీన్ని ఎలా పెట్టాలి? నా లెక్క ఇది. దూది కవచం వేసుకుంటే కత్తి దెబ్బ, బాణం దెబ్బ బాగా తగ్గాలి. తుపాకీ గుండుకి మాత్రం తగ్గింపు దాదాపు సున్నా. పరిగెడితే అలుపు త్వరగా రావాలి. మన పీఠభూమి సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తు, కడప అంత మంట ఉండదు గానీ ఏప్రిల్ మధ్యాహ్నం మందపాటి దూది అంగీ తొడుక్కుని గుర్రంకొండ మెట్లెక్కండి చూద్దాం. వాన పడితే దూది నీళ్లు పీల్చుకుని బరువు పెరగాలి. అందుకని కంబళికి ఒక స్లాట్ ఇవ్వండి. గొర్రె బొచ్చు కంబళి మన వైపు వానకి గొడుగు, చలికి దుప్పటి, రాత్రికి పరుపు. ఏ గేమ్ డిజైనరూ దానికి విలువ ఇవ్వడు, నేనైతే మ్యాప్‌లో మొదటి ఐటమ్‌గా అదే ఇస్తాను.

ఇప్పుడు ఆ నిచ్చెన ఎందుకు విరిగిందో చూడండి. 1791లో మన మ్యాప్ మీద అందరికంటే ఎక్కువ తుపాకీ బలం ఉన్నది కంపెనీ పటాలానికి. వాళ్ల ఒంటి మీద కవచం ఎంత? సున్నా. ఎర్ర కోటు, అంతే. బ్రిటన్ సిపాయికైనా, మద్రాసు సిపాయికైనా అదే కథ. వంద గజాలు దాటితే ఆ తుపాకీ గురిని నమ్మలేం. కానీ వందమంది వరసగా నిలబడి ఒకేసారి కాలిస్తే గురితో పనేముంది? అలాంటి గుండ్లని ఆపాలంటే మనిషి మొయ్యలేనంత ఇనుము కావాలి, అందుకే యూరప్‌లోనూ కవచాలు మెల్లగా విప్పేశారు. వాళ్ల కవచం ఆ వరస, ఆ డ్రిల్లు. పబ్జీ లెక్కలో చూస్తే లెవెల్ 0 వాడు లెవెల్ 2 వాణ్ణి కొట్టేస్తున్నాడు. కాబట్టి మన మ్యాప్‌లో కవచం అంకెను ఒంటరిగా పెట్టకండి. పక్కన ఎంతమంది నిలబడ్డారు అన్నదానికి ముడిపెట్టండి.

ఇక గుర్రం. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం, కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

మన దగ్గర మంచి గుర్రాలు పుట్టేవి కావు. విజయనగరం రాజు ఏటా 13,000 గుర్రాలు హోర్ముజ్ నుంచి కొనేవాడని 1530ల్లో న్యూనిజ్ రాశాడు. ఓడలో వచ్చే సరుకు, ఎంత ఖరీదో ఊహించుకోండి. తర్వాతి కాలంలో మరాఠా, మైసూరు దండుల్లో రౌతులు రెండు రకాలు. సర్కారు గుర్రం ఎక్కేవాడు ఒకడు. సొంత గుర్రం, సొంత ఆయుధం తెచ్చుకుని జీతానికి కుదిరేవాడు ఇంకొకడు, వాణ్ణి సిలేదారు అంటారు. సిలేదారుకి ఆ గుర్రమే ఆస్తి. పొలం, ఇల్లు, బ్యాంకు బ్యాలెన్స్ అన్నీ అదే. యుద్ధంలో గుర్రం చచ్చిందంటే వాడి బతుకు వీధిన పడ్డట్టే. మరి ఫిరంగి నోటికి ఎదురుగా దూకమంటే దూకుతాడా? దూకడు. దూరం నుంచి చుట్టుముడతాడు, సామాను బండ్లు దోస్తాడు, గడ్డి తగలబెడతాడు, మాయమవుతాడు. దీన్ని చూసి చాలామంది దొరలు పిరికితనం అని రాశారు. ఈఎంఐ మీద బైకు కొనుక్కుని డెలివరీ చేసే కుర్రాడిని, ఆ బైకు తీసుకుని గోడకి గుద్దు అంటే వాడేమంటాడు? అంతే ఇది కూడా. పిరికితనం కాదు, లెక్క.

ఒక్క ఐటమ్ ఎవరి సొత్తు అన్నదాన్ని బట్టి యుద్ధం చేసే తీరే మారిపోయింది చూశారా? గేమ్‌లో ఇది పెట్టడం చాలా సులువు. సర్కారు గుర్రం పోతే కోట దగ్గర ఇంకోటి దొరుకుతుంది. సొంత గుర్రం ఉన్నవాడికి కూలి ఎక్కువ, వేగం ఎక్కువ, కానీ అది చస్తే ఆట ముగిసేదాకా కాలినడకే. ఈ ఒక్క రూలు పెట్టి ఆడించండి, రెండో మ్యాచ్‌కే మీ ఫ్రెండ్స్ అందరూ సిలేదార్లలా ప్రవర్తిస్తారు. ఎవరూ చరిత్ర పాఠం చెప్పనక్కర్లేదు.

కత్తి గురించి ఒక చిన్న సంగతి. నోలన్ అని ఒక బ్రిటిష్ కెప్టెన్, 1853లో గుర్రపు దండుల మీద పుస్తకం రాశాడు. అందులో నిజాం రౌతుల కత్తుల కథ ఉంది. చేతులు, తలలు తెగిపోయే గాయాలు చూసి, ఇవి ఏం కత్తులో అని ఆరా తీస్తే, అవి ఎక్కువగా బ్రిటిష్ దండు వాడి పారేసిన పాత కత్తులేనట! తేడా ఎక్కడ ఉందంటే ఒరలో. బ్రిటిష్ వాళ్లది ఇనుప ఒర, తీసినప్పుడల్లా, గుర్రం కదిలినప్పుడల్లా పదును పోతుంది. మనవాళ్లది చెక్క ఒర. పదును పెట్టి అందులో పెడితే, పని పడేదాకా బయటికి తీయరు. ఈ నోలన్ మరుసటి ఏడాది క్రిమియా యుద్ధంలో చచ్చిపోయాడు, అది వేరే కథ. మనకి కావలసింది ఏమిటంటే, మ్యాప్‌లో కత్తికి ఎంత పవర్ అని ఒక్క అంకె కాకుండా ఒర స్లాట్ పెట్టండి. అదే కత్తి, చెక్క ఒర ఉంటే ఒక దెబ్బ, ఇనుప ఒర ఉంటే ఇంకో దెబ్బ.

ఇనుము ఎక్కడి నుంచి వచ్చేది? గేమ్‌లో అయితే గనికి వెళ్లి గడ్డపారతో కొడతాం. మన కొండల్లో పద్ధతి వేరు. 1800లో ఫ్రాన్సిస్ బుకానన్ మద్రాసు నుంచి బయల్దేరి, పెద్దనాయకన దుర్గం కనుమ ఎక్కి, వెంకటగిరికోట మీదుగా మైసూరు దేశంలోకి వెళ్లాడు. మన వి.కోట, కుప్పం నుంచి పక్కనే. ఆ కొండ దారిలో ఇనుము తీసే తీరు ఆయన రాశాడు. వానకి కొండల మీద నుంచి వాగుల్లోకి నల్ల ఇసుక కొట్టుకొస్తుంది. దాన్ని కడిగి, చిన్న కొలిమిలో బొగ్గుతో కాల్చి ఇనుము తీస్తారు. అంటే ఇనుము దొరకాలంటే వాన కావాలి, బొగ్గుకి అడవి కావాలి, తిత్తి ఊదే మనుషులు కావాలి. ఇంత కష్టపడి తీసిన కొద్దిపాటి ఇనుముని ఏం చేస్తారు? ముందు నాగలి కర్రు, కొడవలి, గొడ్డలి. తర్వాత ఈటె మొన, కత్తి. మనిషి ఒళ్లంతా కప్పేంత ఇనుము పాలెగాడి బంటుకి ఎవరిస్తారు?

ఇనుము నిజంగా కొత్తరకంగా వాడింది ఇంకో చోట. రాకెట్‌లో. మైసూరు వాళ్లు ఇనుప గొట్టంలో మందు కూరి, వెదురు బద్దకి కట్టి వదిలేవారు. యూరప్ రాకెట్లకు కాగితం గొట్టాలు వాడే రోజుల్లో ఇది పెద్ద మెట్టు, ఎందుకంటే ఇనుప గొట్టం లోపల ఎక్కువ ఒత్తిడిని తట్టుకుంటుంది, అందుకే ఇంకా దూరం పోతుంది. 1780 సెప్టెంబర్ 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరులో బెయిలీ దండు మందుగుండు బండ్లు పేలి కంపెనీ చిత్తుగా ఓడింది. రాకెట్ తగిలే పేలాయని చాలాచోట్ల రాస్తారు, ఫిరంగి గుండు అన్నవాళ్లూ ఉన్నారు. ఈ రాకెట్లు చూసే తర్వాత ఇంగ్లండ్‌లో కాంగ్రీవ్ తన రాకెట్లు తయారు చేశాడు. 2018లో కర్ణాటకలో శివమొగ్గ జిల్లా నగరలో ఒక పాత బావి తవ్వితే వెయ్యికి పైగా ఇలాంటి ఇనుప గొట్టాలు దొరికాయి. ఆ రోజుల్లో వీటిని ఏమనేవారో తెలుసా? బాణాలు. అందుకే మనం దీపావళికి బాణసంచా అంటాం. మ్యాప్‌లో రాకెట్‌కి గురి తక్కువ పెట్టండి, గుర్రాలు, ఎద్దులు బెదిరిపోవడం ఎక్కువ పెట్టండి. దాని అసలు పని అదే.

ఎద్దులు అన్నాను కదా. గేమ్‌లో మనకి బ్యాగ్ ఉంటుంది, అందులో ఎన్ని పడితే అన్ని తోసేస్తాం. 1791లో బ్యాగ్ అంటే ఎద్దు. బియ్యం, గుండ్లు, మందు, గుడారాలు, అన్నీ దాని వీపు మీదే. అదే ఏడాది మేలో కార్న్‌వాలిస్ శ్రీరంగపట్నం దాకా వెళ్లి కూడా వెనక్కి తిరగాల్సి వచ్చింది. అంతకు ముందు అరికెర దగ్గర జరిగిన యుద్ధంలో ఓడలేదు. మరి? ఎద్దులు చచ్చిపోయాయి, తిండి అయిపోయింది. పెద్ద పెద్ద ముట్టడి ఫిరంగులు లాగే ఎద్దులు లేక వాటిని అక్కడే పగలగొట్టి వదిలేశాడు. తర్వాత దండుని నిలబెట్టింది ధాన్యం ఎద్దులతో తిరిగే లంబాడీలు. అటు టిప్పు దగ్గర అమృత్ మహల్ అని ఎద్దుల కోసం ఒక శాఖే ఉండేది. ఆ జాతి ఎద్దులు ఫిరంగులు లాగుతూ పరిగెత్తేవి. మన పుంగనూరు ఆవుని కూడా ఈ మ్యాప్‌లో పెట్టండి గానీ, ఫిరంగికి కట్టకండి పాపం. మూడడుగుల జీవం అది. పాలు పిండుకుని సంగటిలో పోసుకోండి, హెల్త్ పెరుగుతుంది.

ఇప్పుడు చిక్కంతా చివరి మనిషి దగ్గర. పాలెగాడి బంటు.

దూది కవచం టిప్పుది మ్యూజియంలో ఉంది. మైసూరు సిపాయిలు పులిచారల చొక్కాలతో ఎలా ఉండేవారో శ్రీరంగపట్నంలో దరియా దౌలత్ గోడ మీద పొల్లిలూరు చిత్రంలో కనిపిస్తారు. కంపెనీ వాళ్ల దగ్గర గుండీ గుండీకీ రికార్డు ఉంటుంది. పుంగనూరు బంటు, కంగుంది బంటు? ఊళ్లో ఇంత భూమి తక్కువ శిస్తుకి అనుభవిస్తూ, పిలిచినప్పుడు ఆయుధంతో వచ్చే మనుషులు వీళ్లు. కొన్నిచోట్ల వీళ్లని కట్టుబడి బంట్లు అనేవారు. ఆరు నెలలు నాగలి, అవసరమొస్తే ఈటె. ఊరి కావలి వీళ్లదే, దొంగ దొరక్కపోతే నష్టం కట్టాల్సిందీ వీళ్లే. వాళ్ల బట్ట చిరిగిపోయింది. కర్ర చెదపట్టింది. ఇనుము కరిగించి కర్రు చేసుకున్నారు.

మిగిలింది సర్కారు తీసుకుంది. 1800లో నిజాం ఈ జిల్లాలని కంపెనీకి ఇచ్చేశాడు. మదనపల్లె వైపు కూడా అందులోనే ఉంది. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చేసరికి దత్తమండలంలో 80 మంది పాలెగాళ్లు, వాళ్ల కింద 30,000 మంది ఆయుధాలున్న బంట్లు. ఏడేళ్లలో ఆ లెక్కని చెరిపేశాడు. పాలెగాళ్లకి భత్యాలు, బంట్ల భూములకి శిస్తులు, మాట వినని వాళ్ల మీదికి పటాలాలు. 1801 డిసెంబర్ 1న కంపెనీ, దక్షిణాన పాలెగాళ్ల యుద్ధం అణచాక, ఆయుధాలు పట్టకూడదని, కోటలు పడగొట్టాలని ఏకంగా ప్రకటన చేసింది. 1878లో ఆయుధాల చట్టం వచ్చి దేశమంతా లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకోకూడదు అంది. మన్రో పద్ధతి వల్ల రైతుకి కాస్త ఊపిరి ఆడింది అన్నవాళ్లున్నారు, అది అబద్ధం కాదు. పాలెగాళ్ల కింద బతుకు పండగేమీ కాదు. కానీ ఆ తుడుపులో బంటు ఆనవాలు కూడా పోయింది.

ఒక్క మాట మాత్రం మిగిలింది. ఆఫీసులో ఫైళ్లు మోసే మనిషిని బంట్రోతు అంటాం. పాత రోజుల్లో బంట్రోతు అంటే ఆయుధం పట్టిన కాలిబంటు. పోనీ ఇంగ్లీషులో అందాం అని ప్యూన్ అంటామా, అది పోర్చుగీసు నుంచి వచ్చింది, దాని అర్థం కూడా కాలిబంటే! రెండు భాషల్లోనూ సైనికుడు టీ కప్పులు మోసేవాడయ్యాడు.

అందుకే నేను ఈ మ్యాప్ విషయంలో ఇంత పట్టుబడుతున్నాను. పుంగనూరులో పుట్టిన పదమూడేళ్ల పిల్లాడు పాఠ్యపుస్తకంలో తన ఊరి పేరు చూడడు. మీరు కట్టిన మ్యాప్‌లో చూస్తాడు. అందులో బంటుకి రోమన్ సైనికుడి ఇనుప ఛాతీ తొడిగితే, వాడి బుర్రలో తాత ముత్తాతల బొమ్మ అదే పడిపోతుంది. తీయడం కష్టం. రాజు కవచం మ్యూజియంలో దొరికింది కదా అని అందరికీ అదే తొడిగినా అంతే తప్పు.

మరి బంటుకి ఏం ఇవ్వాలి? ఆధారాలు వెతకాలి. వీరగల్లులు ఫోటో తీయండి, ఏ ఆయుధం ఏ చేతిలో ఉందో చూడండి. మెకంజీ దొర కోసం మన కావలి సోదరులు, మిగతా గుమాస్తాలు ఊరూరా తిరిగి రాయించిన కైఫియత్తులు ఉన్నాయి, కడప జిల్లావి తెలుగులో పుస్తకాలుగా అచ్చయ్యాయి, అందులో పాలెగాళ్ల కథలు చదవండి. లేపాక్షి, ములకలచెరువు దగ్గర సోంపల్లె చెన్నకేశవ గుడి పైకప్పు బొమ్మల్లో బట్టలు, తలపాగాలు చూడండి. ఆయుధ పూజ నాడు మీ ఊళ్లో బైకుల పక్కన, లారీ పక్కన పాత కత్తి ఏదైనా బయటికి తీస్తే, దాని ఒర చెక్కదా, ఇనుపదా అడగండి.

నా మ్యాప్‌లో అయితే ఆటగాడు కంగుంది కొండ కింద, తెల్లవారుజామున లేస్తాడు. భుజాన కంబళి, చేతిలో ఈటె, నడుముకి చెక్క ఒరలో కత్తి, మూటలో సంగటి ముద్ద. కవచం సున్నా. ఎదురుగా ముళ్ల కంచె, కంచె అవతల దారిలో రౌతు పోగొట్టుకున్న గుర్రం ఒకటి మేస్తూ ఉంటుంది. జీను మీద సర్కారు ముద్ర ఉందో లేదో దగ్గరికి వెళ్తే గానీ కనపడదు.

వచ్చే ఎపిసోడ్‌లో గుర్రంకొండ కోట గోడలు, బురుజులు కడదాం. మీ ఊరి వీరగల్లు ఫోటోలు ఉంటే పంపండి, ఆ బొమ్మల్లోని ఆయుధాలతోనే బంటు ఐటమ్ లిస్ట్ మొదలు పెడదాం.